నోట్‌బుక్కా, విడి చీటీలా? పాత యూరప్ పండితుల్లో ఎవరి పద్ధతి మేలు?

అచ్చుయంత్రం వచ్చిన వందేళ్లకే యూరప్ పండితులకు కొత్త టెన్షన్ పట్టుకుంది. 1545లో జూరిక్‌లో కాన్రాడ్ గెస్నర్ లాటిన్, గ్రీకు, హీబ్రూ భాషల్లోని రచనలన్నిటికీ జాబితా వేయబోతే సుమారు 3,000 మంది రచయితలు, 10,000 రచనలు తేలాయి. అన్నీ చదవడం ఒకరి తరం కాదు. చదివినవాటిలోంచి రాసుకున్నదైనా అవసరానికి చేతికి దొరకాలి కదా! అందుకు రెండు దారులు నిలిచాయి: కుట్టిన నోట్‌బుక్ ఒకటి, విడి చీటీలు రెండోది.

నోట్‌బుక్ దారి బడుల్లో నేర్పిందే. స్నేహం, మరణం, ధైర్యం అంటూ ముందే శీర్షికలు వేసుకుని, చదువుతున్నప్పుడు నచ్చిన వాక్యాలను వాటి కింద ఎక్కించమని డచ్ పండితుడు ఎరాస్మస్ 1512లోనే సలహా ఇచ్చారు. చిక్కల్లా పేజీల కేటాయింపులో వస్తుంది. ఒక శీర్షికకు వదిలిన పేజీలు చకచకా నిండిపోతాయి, మరోదానికి వదిలినవి ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంటాయి. అప్పట్లో కాగితం పాత గుడ్డపేలికలతో చేసేవారు, చవకేమీ కాదు.

దీన్ని ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ పరిష్కరించిన తీరు నాకు మహా ఇష్టం. ఆయన చాలా ఏళ్లు స్వయంగా వాడి చూశాక 1686లో ఆ పద్ధతిని ఆమ్‌స్టర్‌డామ్ పత్రికలో ప్రకటించారు. నోట్‌బుక్ మొదట్లో రెండు పేజీల సూచిక ఉంటుంది. అందులో 20 అక్షరాలు, ఒక్కోదాని కింద అయిదు అచ్చులు (A, E, I, O, U), మొత్తం 100 గళ్లు. రాయదలచిన శీర్షిక ‘ఎపిస్టోలా’ (Epistola, లాటిన్‌లో ఉత్తరం) అనుకోండి. మొదటి అక్షరం E, దాని తర్వాత వచ్చే మొదటి అచ్చు I. ఆ గడిలో పేజీ నంబరు ఉంటే ఆ పేజీకి వెళ్లి రాయాలి. లేకపోతే మొదట దొరికే ఖాళీ పేజీ తీసుకుని, దాని నంబరు గడిలో వేసుకోవాలి. పేజీ నిండితే మరో ఖాళీ పేజీ, గడిలో మరో నంబరు. ముందుగా ఏ శీర్షికకూ చోటు కేటాయించక్కర్లేదు, కాగితం వృథా కాదు, పైగా ఒకే పుస్తకం కాబట్టి ప్రయాణంలోనూ వెంట ఉంటుంది.

దీనికీ ఒక లోటుంది. ఒకే గడిలో పడే శీర్షికలు, వాటి మధ్య ఏ సంబంధమూ లేకపోయినా, పక్కపక్కన చేరతాయి. రాసినదాన్ని అక్కడినుంచి కదపలేం. పదేళ్ల తర్వాత ఆలోచన మారితే మొత్తం తిరగరాసుకోవాలి.

చీటీల బలం సరిగ్గా ఇక్కడే. గెస్నర్ సలహా: కాగితానికి ఒకవైపే రాయండి, కత్తెరతో ముక్కలు చేయండి, కుప్పలుగా సర్దండి, వరుస కుదిరాకే అంటించండి. ఏది ఏ అధ్యాయంలోకి వెళ్లాలన్న నిర్ణయం చివరిదాకా చేతిలోనే ఉంటుంది. 1640లలో ఇంగ్లండ్‌లో థామస్ హారిసన్ దీనికి ఒక బీరువానే ఊహించారు. అక్షరక్రమంలో శీర్షికలు, ఒక్కో శీర్షికకు ఒక కొక్కెం, దానికి చీటీలు గుచ్చడం. ఆ వివరాన్ని 1689లో హాంబర్గ్ పండితుడు ప్లాక్సియస్ అచ్చు వేయించారు. అలాంటి బీరువా ఒకటి జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ దగ్గరికీ చేరింది. అయినా ఆయన బాధ తీరలేదు. తాను రాసుకున్న కాగితం ఆ గందరగోళంలో దొరక్క, చేసిన పనినే మళ్లీ చేయాల్సి వస్తోందని వాపోయారు. ఆయన పోయాక మిగిలినవి సుమారు లక్ష కాగితాలు! సర్దే ఓపిక లేకపోతే బీరువా ఉండి లాభమేమిటి?

ఇక పోగొట్టుకునే భయం. రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ విడి కాగితాల మీదే రాసేవారు. చాలా రాతలు దొంగతనానికి గురయ్యాయని, కొన్ని ఆమ్లం ఒలికి పాడయ్యాయని 1688లో ఆయన ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. కుట్టిన పుస్తకంలోంచి ఒక పేజీ మాయమైతే తెలిసిపోతుంది, చీటీ పోతే పోయిందన్న సంగతే తెలియదు. నన్ను అన్నిటికన్నా వెనక్కి లాగేది ఇదే.

అయినా స్వీడన్‌లో ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ పనిని చూస్తే మళ్లీ చీటీల వైపే మొగ్గాలనిపిస్తుంది. 1735లో పట్టుమని పన్నెండు పేజీలున్న ఆయన ప్రకృతి వర్గీకరణ, 1766లో మొదలైన పన్నెండో కూర్పుకు మూడు సంపుటాలైంది. కొత్త మొక్క, కొత్త జంతువు వచ్చిన ప్రతిసారీ ఎక్కడో మధ్యలో ఇరికించాలి. చివరి ఏళ్లలో ఆయన ఒకే కొలతకు కోసిన చిన్న కాగితాల మీద ఒక్కో జాతిని రాసుకోవడం మొదలుపెట్టారు. ఇలా పెరుగుతూ పోయే పనికి నోట్‌బుక్ ఏ రకంగానూ చాలదు.

కాబట్టి నా లెక్క ఇది. తన కోసం చదువుకునే మనిషికి లాక్ నోట్‌బుక్కే మేలు: పోదు, చెదరదు, చోటు అడగదు. నిఘంటువో, పెద్ద పుస్తకమో కడుతున్నవారికి మాత్రం చీటీలు తప్పవు, ప్రతి చీటీ మీదా అది ఏ పుస్తకంలోంచి వచ్చిందో రాసే క్రమశిక్షణ ఉంటేనే. పదిమంది చేతులు పడే పనికైతే అసలు పోటీయే లేదు. 1791లో ఫ్రాన్స్ విప్లవ ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న గ్రంథాలయాలకు జాబితా వేయమన్నప్పుడు, వెనకవైపు ఖాళీగా ఉండే పేకముక్కల మీద పుస్తకానికి ఒకటి చొప్పున రాసి, అక్షరక్రమంలో పేర్చి, మూలకు దారం గుచ్చమన్నారు.