ప్రాజెక్ట్ జాంబాయిడ్: కరెంటు పోయాకే అసలు ఆట

ప్రాజెక్ట్ జాంబాయిడ్ అనే కంప్యూటర్ గేమ్ మీద రివ్యూ అంటే అందరూ జాంబీల గురించే, అంటే చచ్చి లేచి మనుషుల మీద పడే పీనుగుల గురించే మొదలుపెడతారు. ఎలా కరుస్తాయి, ఏ గొడ్డలి మంచిది, ఏ ఊళ్లో మొదలుపెట్టాలి... ఇవన్నీ యూట్యూబ్‌లో కుప్పలుగా ఉన్నాయి, మళ్లీ చెప్పను. చాలా కాలంగా ఆడుతున్నాను కాబట్టి నాకు నచ్చిన ఒకే ఒక్క విషయం గురించి రాస్తాను. నన్ను ఈ గేమ్‌కి కట్టిపడేసింది కరెంటు. నవ్వకండి.

ఆట మొదలయ్యేది 1993 జూలైలో, అమెరికాలోని కెంటకీలో. ఊరంతా పీనుగులు తిరుగుతున్నా మొదట్లో ఇంట్లో లైట్లు వెలుగుతుంటాయి, ఫ్రిజ్ నడుస్తుంటుంది, కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. మామూలు సెట్టింగుల్లో ఆడితే మొదటి 30 రోజుల్లో ఎప్పుడో ఒకప్పుడు కరెంటు పోతుంది. నీళ్లకి వేరే లెక్క, అవి ముందే పోవచ్చు, తర్వాతా పోవచ్చు. ఏ రోజో గేమ్ చెప్పదు. మన దగ్గరైతే కనీసం పేపర్లో జిల్లా పేజీలో మూల 'నేడు విద్యుత్ సరఫరా ఉండని ప్రాంతాలు' అని వేస్తారు. ఇక్కడ అదీ లేదు.

అందుకే ఆ మొదటి రోజుల్లో జాంబీల కంటే స్విచ్చులే ఎక్కువ టెన్షన్ పెడతాయి. దొరికిన ప్రతి సీసా, ప్రతి గిన్నె నింపి పెట్టుకుంటాను. పక్కిళ్ల ఫ్రిజ్‌లలో మాంసం తెచ్చి మన ఫ్రీజర్‌లో కుక్కడం, ఓవెన్ పనిచేస్తున్నంత సేపూ వండి పెట్టుకోవడం ఒక పెద్ద పని. కూరగాయల్ని సీసాల్లో నిల్వ పెట్టుకోవచ్చు కూడా. వెనిగర్, చక్కెర వేసి పెట్టే ఆ పచ్చళ్లు మన నోటికి ఎక్కవనుకోండి, చలికాలం వచ్చేసరికి అవే దిక్కు. ఇక చెక్కలు, మేకులు, చెత్త సంచులతో వాన నీళ్ల పీపా కట్టుకుని దాన్ని మేడ మీద పెట్టి, పైప్ రెంచ్‌తో కింద గదిలో సింక్‌కి కలిపితే ఆగిపోయిన కుళాయి మళ్లీ పారుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకన్నమాట. ఇది మొదటిసారి పనిచేసినప్పుడు ఊరికే ఆ కుళాయి దగ్గరే కాసేపు నిలబడ్డాను.

నీళ్లకి ఇలా దారి ఉంది. కరెంటుకి ఉన్న దారి జనరేటర్ ఒక్కటే, దాని చుట్టూ అల్లిన చిక్కులే ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టం. జనరేటర్ దొరకగానే సరిపోదు, దాన్ని ఇంటికి కలపడం మీ మనిషికి తెలిసుండాలి. అది నేర్పే పత్రిక ఒకటి ఎక్కడో ఏదో అల్మారాలో ఉంటుంది. ఇంట్లో పెట్టి నడిపితే పొగకి మనిషి పోతాడు, బయట పెడితే మోతకి జాంబీలు వస్తాయి. రిపేరు చేయకుండా అరగదీస్తే తగలబడుతుంది. ఇక పెట్రోలు. కరెంటు పోయాక బంకులో పంపులూ పనిచేయవు! బంకు దగ్గరికి ఇంకో జనరేటర్ మోసుకెళ్లి దాన్ని నడిపితేనే పంపు కదులుతుంది. లేదంటే రోడ్డు మీద వదిలేసిన కార్ల ట్యాంకుల్లోంచి డబ్బాలోకి లాగాలి. దీన్ని ఆలోచించినవాళ్లు మామూలోళ్లు కాదు.

ఇంతవరకూ అందరికీ జరిగేదే. నాకు జరిగింది వేరు. గేమ్‌లోని రోజ్‌వుడ్ అనే ఊళ్లో ఫైర్ ఆఫీసర్‌గా ఆడుతున్నాను. జనరేటర్ ముందే దొరికింది, కారు డిక్కీలో పెట్టుకున్నాను. పత్రిక లేదు. ఒక రాత్రి కర్టెన్లు మూసుకుని కార్పెంట్రీ పుస్తకం చదువుతుంటే స్క్రీన్ ఠక్కున చీకటైంది. ఫ్రీజర్ నిండా మాంసం. మర్నాటి నుంచి పత్రిక కోసం ఊరంతా గాలించాను, అక్కడ లేక మల్‌డ్రో అనే ఇంకో ఊరి దాకా కారేసుకుని పోయాను. చివరికి ఒక ఇంటి గ్యారేజీలో అరలో, పెయింటు డబ్బాల పక్కన దొరికింది. అక్కడే కూర్చుని చదివేశాను. వెనక్కొచ్చి డిక్కీలోంచి జనరేటర్ దించుకుని పెరట్లోకి నడుస్తున్నాను. అది మోసేటప్పుడు రెండు చేతులూ దానికే సరిపోతాయి, బరువుకి నడక కూడా నత్తనడకే. కంచె పక్కనుంచి ఒకటి, షెడ్డు వెనకనుంచి ఇంకో నాలుగు. జనరేటర్ కింద పెట్టి గొడ్డలి తీసేలోపే మీద పడి లాగేశాయి. జనరేటర్ పెట్టాల్సిన ఇంటి గోడ కాస్త దూరంలోనే ఉంది. అయిపోయింది.

ఆ కోపంలో గేమ్ మూసేసి, మళ్లీ దాని జోలికి పోనని ఇంట్లో ప్రకటించాను కూడా. మా ఆవిడ సరే అంది. మర్నాడు రాత్రే తెరిచాను.

ఈ గేమ్‌లో చచ్చినా ఆ ప్రపంచం చెరిగిపోదు. అదే ఊళ్లోకి కొత్త మనిషిగా రావచ్చు. ఈసారి వంటవాడిని తీసుకున్నాను. రెండు వీధుల అవతల లేచాడు, చేతికి దొరికింది ఒక పెనం. తిన్నగా పాత ఇంటికెళ్లాను. పెరట్లో జనరేటర్ పెట్టిన చోటే ఉంది. కలుపుదామని చూస్తే కుదరదంది, ఎందుకంటే చదివింది పాత మనిషి, వీడు కాదు. పత్రిక ఎక్కడుంది? పాత మనిషి బ్యాగులో. ఆ పాత మనిషి ఎక్కడున్నాడు? అక్కడే, వాకిట్లో తచ్చాడుతున్నాడు. ఫైర్ స్టేషన్‌లో నేను వేసిన పసుపు జాకెట్ ఒంటి మీదే ఉంది, వీపున బ్యాగు. నన్ను చూసి తిరిగాడు.

పెనంతో మూడు నాలుగు దెబ్బలేశాక పడ్డాడు. బ్యాగులోంచి పత్రిక తీసి చదివి, గోడ పక్కన జనరేటర్ కలిపి, పెట్రోలు పోసి స్టార్ట్ చేశాను. వంటింట్లో లైటు వెలిగింది. ఫ్రిజ్ తెరిస్తే మాంసమంతా కుళ్లిపోయింది, అది వేరే సంగతి. ఎవరూ రాసిపెట్టని కథ ఇది. రూల్స్ ఒకదానికొకటి తగులుకుని దానంతటదే తయారైంది. ఇంత ఆనందం నాకు పెద్ద బడ్జెట్ గేముల్లో ఈమధ్య ఎప్పుడూ దొరకలేదు.

ఆ ఊపులో ఆఫీసులో అందరికీ 'ఇంతకు మించిన గేమ్ లేదు' అని చెప్పుకుంటూ తిరిగాను. ఇప్పుడైతే అంత గట్టిగా అనలేను. పత్రిక దొరకడం పూర్తిగా అదృష్టం. ఒక్కోసారి మొదటి వీధిలోనే ఉంటుంది, ఒక్కోసారి వెతికి వెతికి విసుగొస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని ఎంచుకుంటే ఆ గొడవే లేదు, వాడికి ముందే తెలుసు. కానీ అప్పుడు సగం ఆట పోయినట్టే. ఇంకొకటి, జనరేటర్ గొడవ తీరాక భయం కూడా తగ్గిపోతుంది. పొలం, పీపాలు, క్యాసెట్లు పెట్టుకుని టీవీ చూడ్డం... పలకరించడానికి ఇంకో మనిషి ఉండడు. స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడితే ఆ లోటు తీరుతుంది గానీ, మేం అద్దెకు తీసుకున్న సర్వర్ వారం తిరక్కుండానే మొరాయించింది. అప్పటినుంచి ఒంటరిగానే.

2013 నుంచి స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో ఎర్లీ యాక్సెస్‌లోనే, అంటే పూర్తికాకుండానే అమ్ముతున్న గేమ్ ఇది. 2021 డిసెంబర్‌లో వచ్చిన బిల్డ్ 41 (41వ వెర్షన్) మీదే నేను ఇంకా ఉన్నాను. 42వ బిల్డ్ 2024 డిసెంబర్‌లో టెస్టింగ్ వెర్షన్‌గా వచ్చింది, అందులో కోళ్లు, ఆవులు పెంచుకోవచ్చు, సెల్లార్లు ఉన్నాయి. పాత సేవ్‌లు అందులో నడవవు. నా రోజ్‌వుడ్ ఇల్లు వదులుకుని వెళ్లడానికి మనసొప్పడం లేదు.

కొనాలా అంటే, మీ పరిస్థితిని బట్టి. నాకు పిల్లాడు పడుకున్నాక దొరికే కాస్త టైమే ఆట. ఒంటరిగా ఆడేటప్పుడు ఎక్కడైనా పాజ్ చేయొచ్చు, ఎప్పుడు బయటికొచ్చినా సేవ్ అవుతుంది, కాబట్టి నాకు పడింది. గంటలో ఏదో ఒకటి గెలిచి లేవాలనుకునేవాళ్లకి, మెనూలో మెనూ తెరుస్తూ రైట్ క్లిక్కులు కొట్టే ఓపిక లేనివాళ్లకి చెప్పను. లాప్‌టాప్ పాతదైతే లూయివిల్ వైపు వెళ్లకండి, ఆ ఊళ్లో జాంబీలు మరీ ఎక్కువ, నా లాప్‌టాప్ పెనంలా కాలింది. కొంటే సేల్‌లో కొనండి, ఆట రూల్స్ మనమే మార్చుకునే శాండ్‌బాక్స్ సెట్టింగుల్లో జాంబీల సంఖ్య మీ ఇష్టం వచ్చినంత తగ్గించుకోండి. కరెంటు సెట్టింగ్ మాత్రం ముట్టుకోకండి.