పట్టుబడికి ముందు రొయ్యల టెస్ట్: భీమవరం ల్యాబుతో మా అనుభవం

ఉండి అనే ఊరి దగ్గర మాకు రెండు వనామీ రొయ్యల చెరువులు. ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాం కానీ యాంటీబయాటిక్ టెస్ట్ చేయించింది మాత్రం 2025 ఆగస్టు ఆఖర్లోనే, అదే మొదటిసారి. అప్పటిదాకా మా సరుకు అమెరికాకి పంపే ప్రాసెసింగ్ ప్లాంట్లకే పోయేది, ఏజెంటు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) చూసుకుని బండి పెట్టేవాడు, మమ్మల్ని కాగితం అడిగినవాడు లేడు.

ఆ ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. రొయ్యకి ముందునుంచీ ఉన్న డ్యూటీలు కలిపితే 58 దాటింది, రొయ్యల్లో మనకి పోటీ అయిన ఈక్వెడార్ వాళ్ళకేమో అప్పటి కొత్త సుంకం 15. మా రెండో చెరువు సరిగ్గా అప్పుడే 60 కౌంటుకొచ్చి పట్టుబడికి సిద్ధమైంది. ఫోన్ చేస్తే ఏజెంటు, "రేటు నా చేతిలో లేదండి, యూరప్‌కి పంపే ప్లాంటు ఒకటుంది, టెస్ట్ రిపోర్టు వచ్చాక చెప్పండి" అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మర్నాడే ల్యాబుకి ఫోన్ చేశాం.

ముందు నచ్చింది చెప్తాను. శాంపిల్‌కి వచ్చిన కుర్రాడు చెరువు నాలుగు మూలలా వల విసిరించాడు, ఒక్కచోటే పట్టి ఇస్తామంటే ఒప్పుకోలేదు. మా కళ్ళముందే కవరుకి సీలు వేసి, చెరువు నంబరు రాసి ఐసులో పెట్టాడు. నేనూ వెనకాలే బండి మీద వెళ్ళాను. అక్కడి మేడమ్ అద్దం ఇవతల నిలబెట్టి ఎంతో ఓపిగ్గా చూపించారు. పెంకు తీసి, కండ మెత్తగా రుబ్బి, దాని సారం 96 చిన్న గుంటలున్న ప్లేటులో పోస్తారు. నీలం రంగు తేలుతుంది, చివర్లో ఇంకో చుక్క పడగానే పసుపుకి తిరుగుతుంది. పసుపు చిక్కగా ఉంటే మందు లేనట్టు, పాలిపోతే అనుమానం. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌కి యూరప్ గీసిన గీత కిలోకి 0.15 మైక్రోగ్రాము, నైట్రోఫ్యూరాన్లనే ఇంకో రకం మందులకి 0.5. అంటే వంద కోట్ల భాగాల్లో ఒక్క భాగం ఉన్నా పోయినట్టే. ఎవరో చెప్పారని డబ్బా మీద పేరు కూడా చదవకుండా మేతలో పౌడర్లు కలిపేవాళ్ళు ఆ ప్లేటు ఒక్కసారి చూడాలి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, యూరప్‌లో సుంకం మనకి అంత బరువు కాదు. మామూలుగా 12 శాతం ఉండేది మన పచ్చి వనామీకి రాయితీ మీద 4.2 శాతమే. ఈక్వెడార్‌కి ఒప్పందం ఉంది కాబట్టి వాళ్ళకి అదీ లేదు, ఒప్పుకుంటాను. కానీ 2016 నుంచి మన రొయ్యల లోడుల్లో సగం అక్కడి రేవులో ఆపి మళ్ళీ టెస్ట్ చేస్తున్నారు, అంతకుముందు పదింట ఒకటే. ఆగిన రోజులకి అద్దె, ఫెయిలైతే సరుకంతా వెనక్కి, ఆ భయమంతా ప్లాంటువాడు మా రేటులోనే కోసుకుంటాడు. ఒక్కోసారి రైతు తప్పు లేకపోయినా ఇంతే. 2012లో జపాన్ మేత చెడకుండా కలిపే ఎథాక్సీక్విన్‌కి 0.01 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలన్న లెక్క) హద్దు పెట్టింది, 2014లో 0.2కి పెంచేదాకా ఆ దేశానికి సరుకు పంపడం గండమే అయింది. మేత తయారీలో ఏం కలిపారో చెరువు గట్టు మీద ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది?

ఇక నచ్చనివి. రెండు రోజుల్లో ఇస్తామన్న రిపోర్టు నాలుగో రోజు ఇచ్చారు. ఆ రెండు రోజుల మేత, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ల కరెంటు బిల్లు మా నెత్తిన పడ్డాయి, పైగా ముసురు పట్టి ఆక్సిజన్ పడిపోతుందేమోనని రెండు రాత్రులూ గట్టు మీదే కూర్చున్నాం. ఆలస్యమవుతుందని ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. తీరా వచ్చిన రిపోర్టులో చెరువు నంబరు 2కి బదులు 1 పడింది. సీలు మీద సరిగ్గా ఉన్నది కాగితం మీద తప్పెలా పడుతుంది? ప్లాంటు గేటు దగ్గర ఎవరైనా పట్టుకుని ఉంటే ఐసు వేసిన లోడు అక్కడే నిలబడిపోయేది. అదృష్టం కొద్దీ ఏజెంటు ముందే చూశాడు. వెళ్ళి అడిగితే విసుక్కోకుండా గంటలో మార్చి ఇచ్చారు, అది మాత్రం మెచ్చుకోవాలి.

ఫీజు రెండు బస్తాల మేత ఖరీదు దాటలేదు. రిపోర్టు క్లీన్‌గా వచ్చింది, సరుకు వెళ్ళింది, పాత రేటు రాకపోయినా అమెరికా సరుకుకి ఆ వారం చెప్పిన దానికంటే నయంగానే పడింది. ఐదుకి నాలుగు ఇస్తాను. వెళ్ళేవాళ్ళు పట్టుబడికి వారం ముందే శాంపిల్ ఇవ్వండి, రిపోర్టు చేతికి రాగానే కౌంటరు దగ్గరే నిలబడి నంబరు చూసుకోండి.