మంచం నుంచి వీల్‌చైర్‌లోకి: ఎత్తాలా, బల్ల మీద జరపాలా, బెల్టు పట్టి లేపాలా?

నల్లగొండ చుట్టుపక్కల ఆక్యుపేషనల్ థెరపిస్టుగా (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా పేషెంట్లకు నేర్పే పని) నేను చూసే వెన్ను పేషెంట్లలో ఎక్కువమంది రెండు రకాలు. తాటిచెట్టు మీంచి పడి వెన్నుపూస విరిగి, కాళ్లు పడిపోయిన గీత కార్మికులు ఒక రకం. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను కర్రలా బిగుసుకుపోయిన పెద్దవాళ్లు రెండో రకం. ఎవరింటికి వెళ్లినా ముందు ఒకటే అడుగుతాను: "మంచం మీంచి బండిలోకి ఎట్ల మారుస్తున్నరు, ఒకసారి చూపించండి."

దాదాపు అందరూ ఒకే తీరుగా చూపిస్తారు. వెనక ఒకరు చంకల కింద చేతులు పెడతారు, ముందు ఒకరు మోకాళ్లు పడతారు, ఒక్క ఊపున ఎత్తేస్తారు. సామాను అక్కర్లేదు, నిమిషంలో పని అయిపోతుంది. కానీ బరువంతా వేలాడేది పేషెంటు భుజాల మీద. నడుము కింద చచ్చుబడ్డ మనిషికి ఇక మీదట బతుకంతా ఆ భుజాలతోనే. అవి పాడైతే చక్రం తిప్పుకోవడం కూడా పోతుంది. పైగా దించేటప్పుడు పిరుదులు టైరుకో బ్రేకు కడ్డీకో గీసుకుంటాయి. స్పర్శ లేదు కాబట్టి ఆయనకు తెలియదు. రెండు రోజులకు బట్టకు తడి అంటితే గానీ ఇంట్లోవాళ్లకూ తెలియదు. ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది.

ఎత్తేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. అమెరికాలో ఈ పనిని లెక్కగట్టినవాళ్లు, అన్నీ అనుకూలంగా ఉన్నా పేషెంటును కదిలించే ఒక మనిషి చేతుల మీద సుమారు 16 కిలోలకు మించి బరువు పడకూడదన్నారు. అరవై కిలోల మనిషిని ఇద్దరు పంచుకున్నా తలా ముప్ఫై. రోజుకు నాలుగైదుసార్లు ఎత్తితే ఆ ఇంటి ఆడమనిషి నడుము ఎన్నాళ్లు నిలుస్తుంది?

చేతుల్లో బలమున్న గీత కార్మికుడికైతే నా ఓటు జారుడు బల్లకే. రెండున్నర అడుగుల పొడవు, పది అంగుళాల వెడల్పు ఉన్న నున్నటి చెక్క అది. మందపాటి ప్లైవుడ్‌తో ఊళ్లో వడ్రంగి కూడా చేస్తాడు. అంచులు పలచగా చెక్కించి, పెచ్చు లేవకుండా బాగా రుద్దించి, పాలిష్ పెట్టించాలి.

బండిని మంచానికి కొంచెం ఏటవాలుగా, దగ్గరగా పెట్టి రెండు బ్రేకులూ వేయాలి. బండికి మంచం వైపున్న చేతిని (ఆర్మ్‌రెస్ట్) పీకేయాలి, పాదాలు ఆనించే రేకులు పక్కకు తిప్పాలి. ఆయన ఒక పక్కకు ఒరిగితే తొడ కిందికి బల్ల తోయాలి. రెండో కొస సీటు మీద గట్టిగా ఆనాలి. తర్వాత ఆయన ముందుకు వంగి, తలను బండికి ఎదురు దిక్కుకు తిప్పి, చేతులతో నొక్కుకుంటూ కొంచెం కొంచెం జరుగుతాడు. తల అటు పోతే పిరుదులు ఇటు తేలికవుతాయి, కిటుకంతా అదే. వేళ్లు బల్ల అంచు కిందికి పోకూడదు. ఒట్టి ఒంటితో జరగకూడదు, చర్మం లాక్కుపోతుంది. ఇంట్లోవాళ్లు ఎదురుగా ఉండి మోకాళ్లకు అడ్డంగా తమ మోకాళ్లు పెడితే చాలు, ఎత్తే పని లేదు.

"ఇద్దరం ఎత్తితే అయిపాయె సార్, బల్లతోటి అయితే పావుగంట పడ్తది" అని ఒక అమ్మ నాతో గట్టిగానే వాదించింది. మొదట్లో పడుతుంది, నిజమే. చెయ్యి తిరిగాక పొద్దున లేచి, కొడుకు వచ్చేదాకా ఆగకుండా తనే బండిలోకి వచ్చి చాయ్ హోటల్ దాకా పోయే మనుషులున్నారు. అందుకోసం పావుగంట ఓపిక పట్టమంటాను.

ఫ్లోరోసిస్ పెద్దవాళ్ల దగ్గర మాత్రం ఈ బల్ల పనికిరాదు. ముందుకు వంగమంటే వాళ్ల వెన్ను వంగదు, తుంటి కీళ్లు పూర్తిగా మడతపడవు. ఎముకలు ఎక్సరేలో దట్టంగా కనిపించినా పెళుసు, బలవంతంగా వంచబోతే విరుగుతాయి. కాళ్లలో కాస్త సత్తువ మిగిలి ఉంటే నడుముకు పిడులున్న వెడల్పాటి బెల్టు కట్టి, ఆ పిడులు పట్టుకుని నిలబెట్టి, కుర్చీ వైపు తిప్పి కూర్చోబెట్టడం మేలు. బెల్టు బదులు తువ్వాలు కడుతుంటారు, ముడి జారితే మనిషి కింద పడతాడు. కాళ్లలోనూ సత్తువ లేకపోతే ఎత్తక తప్పదు. అప్పుడైనా చంకలు వదిలేసి, ఒంటి కింద గట్టి దుప్పటి పరిచి నలుగురు నాలుగు మూలలు పట్టాలి.

దెబ్బ తగిలిన కొత్తలో, లేదా ఆపరేషన్ చేసిన డాక్టరు కూర్చోవచ్చని చెప్పేదాకా, ఈ మూడూ వద్దు. అప్పటిదాకా పక్కకు తిప్పాలన్నా ముగ్గురు చేరి తల, నడుము, కాళ్లు మెలిపడకుండా ఒకేసారి దొర్లించాలి, రెండు గంటలకోసారి. చెట్టు మీంచి పడ్డప్పుడు ఆటోలో కుదేసి తెచ్చేకంటే 108 వచ్చేదాకా కదపకుండా ఉంచడం ఎన్నో రెట్లు మంచిది.

మంచం విషయం చాలామందికి తట్టదు. నులక మంచం నడుమ కుంగుతుంది, పట్టె అడ్డం వస్తుంది, బల్ల ఆనదు. గట్టి పరుపున్న బల్ల మంచమే కావాలి. పరుపుతో కలిపి దాని ఎత్తు బండి సీటుకు సమానంగా ఉండాలి, మామూలుగా అది పద్దెనిమిది నుంచి ఇరవై అంగుళాలు. తక్కువైతే కోళ్ల కింద గుంత చెక్కిన దిమ్మలు పెట్టించండి. ఒట్టి ఇటుకలు జారతాయి. బండి ఇంకా కొనకపోతే చేతులు ఊడదీసే రకమే అడగండి. చవక బండ్లలో చాలావాటికి చేతులు బిగించేసి ఉంటాయి, వాటితో బల్ల వాడలేం.