శిథిలాన్ని పేర్చే పని: లెగో కొలోసియం సెట్‌పై సమీక్ష

ఒకదానికొకటి అతికే ప్లాస్టిక్ ఇటుకల సెట్లు చేసే లెగో సంస్థ, రోమ్ నగరంలోని పురాతన క్రీడాప్రాంగణం కొలోసియానికి నమూనాగా 2020 నవంబరులో విడుదల చేసిన సెట్‌లో 9,036 ముక్కలున్నాయి. దీని నంబరు 10276. విడుదలైన నాటికి ఆ సంస్థ తయారుచేసిన సెట్లన్నింటిలోనూ ఎక్కువ ముక్కలున్నది ఇదే కావడంతో అప్పట్లో వచ్చిన సమీక్షల్లో చాలావరకు ఆ అంకె చుట్టూనే తిరిగాయి. మరుసటి ఏడాదే 11,695 ముక్కల ప్రపంచ పటం, 9,090 ముక్కల టైటానిక్ వచ్చి దీన్ని దాటిపోయాయి. 2022లో ఈఫిల్ టవర్ 10,001 ముక్కలతో వచ్చింది. రికార్డు పోవడం ఒక విధంగా ఈ సెట్‌కు మేలే చేసింది. చారిత్రక కట్టడానికి నమూనాగా ఇది ఎంతవరకు నిలుస్తుందన్న అసలు ప్రశ్నను ఇప్పుడు తీరిగ్గా అడగవచ్చు. నా సమాధానం ముందే చెబుతాను: గోడలు, కమానులు, స్తంభాల విషయంలో ఇది అరుదైన శ్రద్ధతో చేసిన సెట్, కొలతల దగ్గర మాత్రం మనకు తెలియకుండానే ఒక సర్దుబాటు చేసుకుంది.

ఈ సెట్ రూపకర్త రోక్ జ్గాలిన్ కోబే వాస్తుశిల్పం చదివిన వ్యక్తి. ఆయన తీసుకున్న మొదటి నిర్ణయం, నా దృష్టిలో అన్నిటికంటే మంచి నిర్ణయం, కొలోసియాన్ని రోమన్ల కాలంలో ఉన్నట్టుగా కాక ఈనాడు మనకు మిగిలిన రూపంలోనే చూపించడం. వెస్పాసియన్ చక్రవర్తి ప్రారంభించగా ఆయన కుమారుడు టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభోత్సవం జరిపించిన ఈ నిర్మాణానికి చుట్టూ నాలుగు అంతస్తుల బయటి గోడ ఉండేది. 1349 నాటి భూకంపంలో దక్షిణం వైపు బయటి గోడ కూలిపోయింది. పడిన రాళ్లను నగరంలోని ఇతర భవనాలకు తరలించుకుపోయారు. ఉత్తరం వైపు మిగిలిన గోడ తెగిన చోట ఇంకా కూలిపోకుండా పంతొమ్మిదో శతాబ్దంలో ఇటుకలతో ఆనుడు గోడలు కట్టారు. ఫొటోల్లో పై నుంచి కిందికి ఏటవాలుగా దిగుతూ కనిపించే అంచులు వాటివే.

నమూనాలో ఇవన్నీ ఉన్నాయి. ఒక వైపు నాలుగు అంతస్తుల ఎత్తు, దాని చివర ఆ ఏటవాలు అంచు, అక్కడి నుంచి ఒక్కసారిగా తగ్గిపోయి బయటపడే లోపలి గోడ, అన్నీ వేర్వేరుగా గుర్తుపట్టవచ్చు. పూర్తి కట్టడాన్ని ఊహించి చూపించి ఉంటే చుట్టూ ఒకే ఎత్తు ఉన్న స్టేడియం బొమ్మ తయారయ్యేది. శిథిలాన్ని ఎంచుకోవడం వల్ల గోడ వెనుక గోడ, దాని వెనుక ప్రేక్షకులు కూర్చునే మెట్ల వరుసలు, వాటి కింద నడవాలు ఎలా అమరాయో బయటి నుంచే కనిపిస్తుంది. దెబ్బతిన్న వైపు నుంచి చూసినప్పుడే ఈ నమూనా ఎక్కువ చెబుతుంది కనుక, ప్రదర్శనకు పెట్టేవారు నిండుగా ఉన్న ఉత్తరపు గోడను ముందుకు తిప్పి, తెగిన భాగాన్ని వెనక్కి దాచడం నాకు అంతగా నచ్చదు.

నిర్మాణం దీర్ఘవృత్తాకారపు పీఠంతో మొదలవుతుంది. పీఠం మీద కట్టడం చుట్టూ పరిచిన దారి, ఆలివ్ చెట్లు వస్తాయి. ఆ తరువాత మధ్యలోని పోటీల ప్రాంగణం, దాని కింద పోటీల్లో పోరాడే గ్లాడియేటర్లు, జంతువులు వేచి ఉండే నేలమాళిగ గోడలు. అసలు కట్టడంలో చెక్క నేల ఎప్పుడో పోయింది. సందర్శకుల కోసం ఒక భాగంలో మాత్రం కొత్తగా నేల వేశారు, మిగిలిన చోట ఇరుకైన గోడల వరుసలు పైకే కనిపిస్తాయి. నమూనా కూడా అలాగే సగం కప్పి, సగం తెరిచి ఉంచింది. పూర్తయ్యాక ఈ భాగం లోతుగా వెళ్లిపోయి ఎవరి దృష్టికీ అంతగా ఆనదు. అయినా కడుతున్నప్పుడు మెట్ల వరుసల కంటే ముందు చేసేది ఇదే కాబట్టి, పైన కూర్చునే ప్రేక్షకుల వరుసలన్నీ ఈ ఇరుకు గదుల చుట్టూ లేచాయన్న సంగతి మనసులో నాటుకుపోతుంది.

ఇక ఇటుకల పనితనం విషయానికి వస్తే, ఈ సెట్ ఎదుర్కొన్న చిక్కు చిన్నది కాదు. లెగో ఇటుకలన్నీ చదరపు గళ్ల మీద కూర్చునేవి. ఇటుకల పైన, ఒకదాన్ని మరొకదానికి అతికించే గుండ్రని బొడిపెలుంటాయి; ఒక బొడిపె మధ్య నుంచి పక్క బొడిపె మధ్యకు దూరం 8 మిల్లీమీటర్లు, ఒక ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. ఈ గళ్ల మీద వృత్తాన్ని తేవడమే కష్టం. దీర్ఘవృత్తం ఇంకా కష్టం, ఎందుకంటే వంపు ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంటుంది; రెండు కొసల దగ్గర ఎక్కువగా, పొడవు వైపుల్లో తక్కువగా వంగాలి. దీనికి పరిష్కారంగా గోడను సన్నని నిలువు భాగాలుగా విడగొట్టి, కీలు మాదిరిగా కొద్దిగా తిరిగే జోడింపులతో కలిపారు. బల్ల మీద తిన్నగా పరిచి కట్టిన వరుసను తీసుకుని, మెట్ల వరుసల చుట్టూ మెల్లగా వంచుతూ అమర్చినప్పుడు ఆ వంపు దానంతటదే కుదురుకుంటుంది. ఈ మొత్తం సెట్‌లో నాకు అత్యంత తృప్తినిచ్చిన ఘట్టం అదే. అయితే ఒక భాగం సరిగ్గా నొక్కుకోకపోయినా దాని ప్రభావం వరుస చివరన తేలుతుంది కనుక, వంచే ముందు ప్రతి జోడింపునూ వేలితో నొక్కి చూసుకోవడం మంచిది.

స్తంభాల విషయంలో చూపిన శ్రద్ధను ప్రత్యేకంగా చెప్పాలి. అసలు కొలోసియంలో ఒక్కో అంతస్తుకు ఒక్కో శైలి స్తంభాలున్నాయి: కింద నిరాడంబరమైన డోరిక్ తరహావి, రెండో అంతస్తులో తలభాగం దగ్గర రెండు పక్కలకూ చుట్టలు తిరిగిన అయోనిక్, మూడో దానిలో ఆకుల అలంకారం ఉన్న కొరింథియన్. నాలుగో అంతస్తులో కమానులే లేవు; గోడకు అతికినట్టుండే చదునైన స్తంభాలు, వాటి మధ్య చిన్న కిటికీలు ఉంటాయి. నమూనాలో ఒక్కో స్తంభానికి దొరికిన చోటు చిటికెన వేలి గోరంత. అంత తక్కువ చోటులోనూ మూడు శైలులూ వేర్వేరుగా కనిపించేలా ముక్కలను ఎంచుకున్నారు. మొదటి అంతస్తు స్తంభాలు చేసి చేసి చేతికి అలవాటు పడ్డాక, పై అంతస్తుకు రాగానే ముక్క మారుతుంది. ఎందుకు మారిందా అని తలెత్తి ఫొటో చూస్తే అసలు కట్టడంలోని తేడా అప్పుడు కంటికి ఆనుతుంది. ఎన్నోసార్లు చూసిన ఫొటోలో కనిపించని వివరం కడుతున్నప్పుడు బయటపడడం ఈ అభిరుచిలో నాకు దొరికే అసలైన లాభం.

అయితే ఈ సుగుణం వెనుకనే పెద్ద లోపమూ ఉంది. కొలోసియం బయటి గోడలో, అది చెక్కుచెదరకుండా ఉన్న కాలంలో, ఒక్కో వరుసకు 80 కమానులుండేవి. కట్టడమే పునరావృతం మీద ఆధారపడింది కాబట్టి నమూనా కూడా అదే బాట పడుతుంది. ఒకే కమాను, ఒకే స్తంభం, ఒకే మెట్ల ముక్క, మళ్లీ మళ్లీ. వైవిధ్యం కోరేవారికి ఇది విసుగు పుట్టిస్తుందని నిర్మొహమాటంగా చెప్పాలి. ఒకే రకం భాగాలకు కావలసిన ముక్కలన్నీ ముందే గిన్నెల్లో వేరుచేసుకుని గుత్తగా కట్టేయడం చాలామంది అనుసరించే పద్ధతి. స్తంభాల వరకు అది బాగానే పనిచేస్తుంది. మెట్ల భాగాలను మాత్రం పుస్తకంలోని క్రమంలోనే కట్టడం మేలు. అవి ఒకేలా కనిపించినా దీర్ఘవృత్తంలో తమ చోటును బట్టి కొద్దికొద్దిగా మారుతుంటాయి, గుత్తగా కడితే ఆ తేడా చేజారుతుంది. ఇద్దరు కలిసి కూర్చునే వీలుంటే ఈ సెట్‌కు అంతకంటే మంచి మార్గం లేదు.

ఇప్పుడు కొలతల సంగతి. సంస్థ ప్రకటించిన ప్రకారం నమూనా పొడవు 59, వెడల్పు 52, ఎత్తు 27 సెంటీమీటర్లు. అసలు కట్టడం పొడవు సుమారు 189 మీటర్లు, వెడల్పు 156, ఎత్తు 48. పొడవు వైపు నుంచి లెక్కిస్తే నమూనా దాదాపు మూడు వందల ఇరవయ్యో వంతు. అదే నిష్పత్తిలో ఎత్తు 15 సెంటీమీటర్లే ఉండాలి. పీఠం మందం కొంత తీసేసినా 27 సెంటీమీటర్లకూ దానికీ పొంతన లేదు. పీఠం అంచులు పొడవులోనే కలిసి ఉన్నాయని గుర్తుచేసుకుంటే తేడా ఇంకా పెరుగుతుంది. అంటే నిలువుగా బాగా సాగదీశారు. కారణం ఊహించడం కష్టం కాదు. నిజమైన నిష్పత్తి పాటిస్తే ఒక్కో అంతస్తుకు మిగిలే కొద్దిపాటి ఎత్తులో ఆ మూడు రకాల స్తంభాలు ఇమడవు. వివరం కోసం నిష్పత్తిని వదులుకున్నారన్నమాట. నాకు ఈ బేరం సమ్మతమే, కానీ ఫలితాన్ని గమనించకుండా ఉండలేం: విశాలంగా నేల మీద పరుచుకున్నట్టుండే కట్టడం ఇక్కడ లోతైన గిన్నెలా నిలబడింది. నేల మీద నిలబడి తలెత్తి చూసేవారికి కలిగే భావన ఈ ఎత్తు వల్ల చక్కగా వస్తుంది. ఆకాశం నుంచి తీసిన ఫొటో పక్కన పెట్టి చూస్తే మాత్రం తేడా దాగదు. స్కేలు విషయంలో పట్టుదల ఉన్న సేకర్తలు కొనే ముందే ఇది తెలుసుకోవాలి.

ఈ సెట్‌లో బొమ్మ మనుషులు లేరు. ఈ స్కేలులో నిలువెత్తు మనిషి ఆరు మిల్లీమీటర్లకు మించడు, అంటే రెండు బొడిపెల మధ్య దూరమంత కూడా ఉండడు కాబట్టి ఆ కొరత సహజమే. రంగు విషయంలో ట్రావర్టైన్ సున్నపురాయిని తలపించేలా లేత ఇసుక రంగునూ దాని ముదురు ఛాయలనూ వాడారు. పగటి వెలుతురులో ఈ ఛాయలు విడివిడిగా కనిపిస్తాయి. రాత్రి గదిలోని దీపం కింద అన్నీ ఒకటైపోతాయి, కడుతున్నప్పుడు ముక్కలను వెతుక్కోవడమూ కష్టమవుతుంది. కళ్లకు శ్రమ లేకుండా కట్టాలంటే తెల్లని కాంతినిచ్చే బల్లదీపం తప్పనిసరి.

చారిత్రక కట్టడాల సెట్లు మరికొన్ని ఉన్నాయి, వాటితో పోలిస్తే దీని స్థానం తేలుతుంది. 2024లో వచ్చిన 4,383 ముక్కల పారిస్ నోత్రదామ్ చర్చి సెట్‌ను కట్టే క్రమం ఆ చర్చి శతాబ్దాల పాటు ఎదిగిన దశలను అనుసరిస్తుంది. చరిత్ర నేర్పే విషయంలో అది కొలోసియం కంటే ఒక మెట్టు పైనే ఉంది, పైగా చోటూ తక్కువ తీసుకుంటుంది. 1,476 ముక్కల గీజా పిరమిడ్ సగం కట్టడమే అయినా దాన్ని తెరిచి లోపలి గదులను చూడవచ్చు. 2008 నాటి తాజ్ మహల్ 5,922 ముక్కల పెద్ద సెట్. అందులోని సౌష్ఠవం వల్ల పునరావృతం అక్కడా ఉంది, కానీ కొలోసియంలో ఉన్నంత తెగిన అంచుల వైవిధ్యం లేదు. యుద్ధ ట్యాంకులు, విమానాలు సేకరించేవారి దారి వేరు. ఆధునిక యుద్ధ వాహనాల నమూనాలకు లెగో దూరంగా ఉంటుంది కనుక వారు సాధారణంగా పోలండ్‌కు చెందిన కోబి అనే ఇటుకల సంస్థ వైపు వెళ్తారు. కొత్తగా ఈ అభిరుచిలోకి వస్తున్నవారు నేరుగా కొలోసియంతో మొదలుపెట్టకుండా పిరమిడ్ వంటి మధ్యస్థమైన సెట్‌తో చేతికి అలవాటు చేసుకోవడం మంచిది.

పూర్తయిన నమూనాను ఎక్కడ పెట్టాలన్నది కొనకముందే ఆలోచించవలసిన సంగతి. 59 సెంటీమీటర్ల పొడవు, 52 సెంటీమీటర్ల వెడల్పు అంటే సాధారణ పుస్తకాల అల్మారాలో పట్టదు. పట్టినా, ఎత్తైన అరలో పెడితే ప్రాంగణం, మెట్లు కనిపించక సగం పని వృథా అవుతుంది. నడుము ఎత్తులో, చుట్టూ తిరిగి చూడగలిగే చోట ఉంటేనే దీనికి న్యాయం జరుగుతుంది. కాంతి పక్క నుంచి పడితే కమానుల నీడలు లోపలికి జారి గోడల మందం తెలుస్తుంది. నెత్తి మీద దీపం ఉంటే ముఖభాగం చదునుగా కనిపిస్తుంది. నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర మాత్రం ఉంచకూడదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఈ ఇటుకల ఏబీఎస్ ప్లాస్టిక్ రంగు మారుతుంది. దుమ్ము మరో తలనొప్పి. ఇన్ని కమానుల్లో చేరిన దుమ్మును గుడ్డతో తుడవడం సాధ్యం కాదు, మెత్తని కుంచెతో ఒక్కొక్క వరుసా దులపాలి. అద్దపు పెట్టె చేయించుకోగలిగితే ఆ ఖర్చు వృథా కాదు.

ఈ సెట్ తయారీని సంస్థ ఆపేసింది కాబట్టి ఇప్పుడు కొనాలనుకునేవారికి చేతులు మారిన ప్రతులే దిక్కు. సీలు తీయని పెట్టె దొరికితే చింత లేదు. ఒకసారి కట్టి విప్పిన సెట్ అయితే 9,036 ముక్కలనూ లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు. అమ్మేవారిని పూర్తయిన నమూనా ఫొటోలు నాలుగు వైపుల నుంచీ అడగడం, ఏటవాలు అంచులూ నాలుగో అంతస్తూ స్పష్టంగా కనిపిస్తున్నాయో లేదో చూడడం ఉత్తమం. లేత ఇసుక రంగు ముక్కల్లో కొన్ని పసుపు తిరిగి ఉంటే ఎండలో ఉంచారని అర్థం. ఒకటి రెండు ముక్కలు తగ్గితే భయపడనక్కర్లేదు, 2019లో లెగో సొంతం చేసుకున్న బ్రిక్‌లింక్ అనే ఆన్‌లైన్ అమ్మకాల వేదిక మీద విడి ముక్కలు రంగు పేరుతో సహా వెతుక్కోవచ్చు. అక్కడ ఆర్డరు పెట్టేటప్పుడు లేత ఇసుక రంగునూ ముదురు దాన్నీ తెర మీద చూసి పోల్చుకోకుండా, కట్టే పుస్తకం చివర ఉన్న ముక్కల జాబితాలోని నంబరునే రాసుకుని వెతకాలి.