క్యాసియో ఎఫ్ఎక్స్-991ఈఎక్స్: ‘ఫ్యాక్ట్’ మాటను ఎంతవరకు నమ్మొచ్చు?

ఈ సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌లో ‘ఫ్యాక్ట్’ (FACT) అంటే సంఖ్యను ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టే సదుపాయం. ఆరంకెల దాకా సంఖ్యలైతే దాని జవాబును కళ్లు మూసుకొని నమ్మొచ్చు. ఆ పైన బ్రాకెట్ కనిపిస్తే మాత్రం ఆగాలి.

వరంగల్ పిన్ కోడ్‌తోనే చూద్దాం. 506002 కొట్టి ముందు ‘=’ నొక్కాలి, తర్వాత షిఫ్ట్, ఆపై డిగ్రీ-నిమిషం-సెకను గుర్తున్న కీ. తెర మీద 2×7×47×769 వస్తుంది. ‘=’ నొక్కకుండా ఫ్యాక్ట్ పనిచేయదు. చాలామంది దీన్ని ఫ్యాక్టోరియల్ అనుకుంటారు. దాని కీ వేరు.

మిగతా లెక్క మన చేతిలోనే ఉంటుంది. ఏ ప్రధాన సంఖ్యా రెండుసార్లు రాలేదు కాబట్టి 506002ను ఏ వర్గ సంఖ్యా (1 తప్ప) భాగించదు. భాజకాలు 16. వాటి మొత్తం 3×8×48×770, అంటే 8,87,040. ఇది 506002కి రెట్టింపు కన్నా తక్కువ, కనుక న్యూన సంఖ్య. 4తో భాగిస్తే శేషం 3 వచ్చే 7, 47 ఒక్కోసారే ఉన్నాయి కాబట్టి దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయలేం. ఇవేవీ మిషన్ చెప్పదు.

ఇక దాని హద్దు. పది అంకెల దాకా తీసుకుంటుంది గానీ, భాగించి చూసేది మూడంకెల ప్రధాన సంఖ్యలతోనే, అంటే 997 వరకు. తర్వాతది 1009, దాని వర్గం 10,18,081. మిగిలిన భాగం అంతకన్నా చిన్నదైతే అది తప్పక ప్రధాన సంఖ్యే. మన దేశంలో ఏ పిన్ కోడ్ అయినా ఈ హద్దులోనే ఉంటుంది. దాటితే బ్రాకెట్‌లో పెట్టి వదిలేస్తుంది. 1022117 అలాగే వస్తుంది, నిజానికి అది 1009×1013. 2147483647 కూడా బ్రాకెట్‌లోనే వస్తుంది, అది ప్రధాన సంఖ్యని ఆయిలర్ 1772లోనే తేల్చాడు. బ్రాకెట్ అంటే ‘నాకు తేలలేదు’ అని మాత్రమే.

అసలు పరీక్ష 4294967297, అంటే 2 ఘాతం 32కు ఒకటి కలిపితే వచ్చేది. ఫలితం 641×(6700417). బ్రాకెట్ విప్పాలంటే 6700417 వర్గమూలం లోపు, అంటే 1009 నుంచి 2579 దాకా, రెండొందలకు పైగా ప్రధాన సంఖ్యలతో భాగించాలి. కానీ ఫెర్మా సంఖ్య అని పిలిచే ఈ 4294967297కు ఏ ప్రధాన భాజకమైనా 128 ఎక్స్ + 1 రూపంలోనే ఉంటుంది. మెనూలో టేబుల్‌కు వెళ్లి 6700417÷(128ఎక్స్+1) ఇవ్వండి, మొదలు 1, చివర 20, అడుగు 1. గడిలో కుదించిన విలువే కనిపించి 10453.07 లాంటిది పూర్ణాంకంలా మోసం చేయొచ్చు; కర్సర్ పెట్టి కింద పూర్తి విలువ చదవాలి. ఒక్కటీ పూర్ణాంకం కాదు, కాబట్టి 6700417 ప్రధాన సంఖ్యే. ఇంత పని చేయించే టేబుల్ కోసమే ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు.

హనుమకొండ చౌరస్తాలో కొనేటప్పుడు పేరులో 991 ఉందని తీసుకోకండి. పాత 991ఎంఎస్ మోడల్‌లో ఫ్యాక్ట్ లేదు. కీ పైన FACT అన్న అక్షరాలు చూసి, కౌంటర్ దగ్గరే 4294967297 కొట్టి చూడండి.