కాలిబాట పూలను గుర్తుపట్టేవారికి 10 రెట్ల మడత భూతద్దం

తోటల్లోనూ కాలిబాటల అంచుల్లోనూ ఎవరూ నాటకుండానే పూసే మొక్కలను గుర్తుపట్టాలనే ఆసక్తి ఉన్నవారు ముందుగా ఏం కొనాలని అడిగితే, 10 రెట్లు పెద్దగా చూపే మడత భూతద్దం కొనమనే చెబుతాను. నేను వాడుతున్నది స్టీలు తొడుగులోకి మడుచుకునే ట్రిప్లెట్ రకం. మూడు కటకాలను ఒకదానికొకటి అతికించి చేస్తారు కాబట్టి, చౌకరకం ఒంటి కటకంలో పువ్వు అంచుల వెంట కనిపించే రంగుల చారలు, వంకరలు ఇందులో దాదాపు ఉండవు.

దీని విలువ గడ్డిచామంతి దగ్గర బాగా తెలుస్తుంది. మామూలు చూపుకు ఒకే పువ్వుగా కనిపించేది నిజానికి అనేక చిన్న పుష్పకాల గుత్తి. భూతద్దంలో చూస్తే మధ్యనున్న పసుపు బొడ్డు అయిదేసి కొనలున్న సన్నని గొట్టాలుగా విడివడి కనిపిస్తుంది. చుట్టూ అయిదారుకు మించని లేత రేకుల కొసలు మూడేసి పళ్లుగా చీలి ఉంటాయి. తేమనేలల్లో పెరిగే గుంటగలగరను చాలామంది దీనితో పొరబడతారు గానీ, దాని రేకులు దారప్పోగుల్లా సన్నగా, చాలా ఎక్కువగా ఉంటాయి, మధ్యభాగం కూడా తెల్లగానే ఉంటుంది. గింజలు దొరికితే ఇక సందేహమే ఉండదు: గడ్డిచామంతి గింజ తలపై మెత్తని నూగు కుచ్చు ఉంటుంది, గుంటగలగర గింజకు అది ఉండదు. ఫోను యాప్‌లు పేరు వెంటనే చెబుతాయి, అదీ ఉపయోగమే. కానీ ఆ పేరు ఎందుకు సరైనదో మన కళ్లతో మనం తేల్చుకునే వీలు ఈ చిన్న అద్దమే ఇస్తుంది.

వాడే పద్ధతి మాత్రం నేర్చుకోవాలి. అద్దాన్ని పువ్వు మీద పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు. దాన్ని కంటికి దగ్గరగా పట్టుకుని, వెలుతురుకు ఎదురుగా నిలబడి, పువ్వునే మెల్లగా పైకి తేవాలి. ఈ పద్ధతిలో పువ్వు ముఖానికి చాలా దగ్గరగా వస్తుంది కాబట్టి, చర్మానికీ శ్వాసకూ అలర్జీ తెచ్చే వయ్యారిభామను ఇలా చూడకపోవడమే మంచిది.

లోపాలు లేకపోలేదు. కనిపించే మేర చిన్నది, గాలి వీస్తే పువ్వు అందులో నిలవదు. మడత దగ్గరి మర వాడేకొద్దీ వదులవుతుంది, అప్పుడప్పుడు బిగించుకోవాలి.

20 రెట్లది కొంటే ఇంకా మేలని అనిపించవచ్చు గానీ, అందులో వెలుతురు తగ్గుతుంది, పువ్వును మరీ దగ్గరకు తేవలసి వస్తుంది. కొనేటప్పుడు తొడుగు మీద అచ్చువేసిన అంకెను నమ్మకుండా పరీక్షించి చూడండి: 10 రెట్ల అద్దంలో వస్తువు సుమారు 2.5 సెంటీమీటర్ల దూరంలో స్పష్టంగా కనిపిస్తుంది. 30 రెట్లు అని రాసి ఉన్న అద్దంలోనూ అంతే దూరంలో స్పష్టంగా కనిపిస్తే, అది 10 రెట్లదే.