తుపాకీ శిక్షణ కోర్సుకు ముందు: మైపాడు ఇసుకా, ఉదయగిరి కొండా?

బరువు మోస్తూ నడిచి, రొప్పుతూనే గురి పెట్టాల్సిన కోర్సు ఇది. దానికి ముందుగా ఒళ్లు సిద్ధం చేసుకోవడానికి నెల్లూరు వైపు రెండు చోట్లు: మైపాడు సముద్రతీరం, ఉదయగిరి కోట ఉన్న కొండ. మైపాడు ఇసుకలో పరుగు పిక్కలకూ చీలమండలకూ గట్టి పని చెబుతుంది. నెల్లూరు వాళ్లకు దగ్గర కూడా. కానీ నేల చదును, వీపు మీద బరువుతో ఎక్కడం అలవాటు కాదు.

ఉదయగిరి కొండ అలా కాదు. కోట వైపు ఎక్కుతుంటే తొడలు మండుతాయి, ఊపిరి ఎగదన్నుతుంది. అక్కడే ఆగి, తుపాకీ బదులు కర్ర భుజానికి ఆనించి, ఊపిరి వదిలాక వచ్చే చిన్న విరామంలో గురి నిలపడం సాధన చేయండి. ఈ లాభం ఇసుకలో అంతగా దొరకదు. దిగేటప్పుడు మోకాళ్లు జాగ్రత్త, బ్యాగులో మొదట్లో మీ బరువులో పదో వంతు మించకూడదు. వేసవిలో తెల్లారకముందే బయల్దేరాలి, నీళ్లు తప్పనిసరి.

ఒక్కటే కుదిరితే నా ఓటు కొండకే.